ఎవరి వ్రేలితో కొలవాలి?

1027వ సంవత్సరంలో, చైనా దేశాన్ని సుంగ్ వంశీయుడైన రెన్‌జుంగ్ చక్రవర్తి పాలిస్తున్న కాలంలో, వాంగ్ వెయ్‌యీ అనే ఆస్థానవైద్యుడు రెండు కంచు విగ్రహాలను పోతపోయించాడు. అవి దేవతలవి కావు, రాజులవీ కావు. నిలువెత్తు మామూలు మనిషివి. వైద్యుడు సూది దింపదగిన ప్రతి చోటా ఆ విగ్రహం ఒంటిమీద ఒక సన్నని రంధ్రం ఉండేది. ప్రక్కనే ఆ స్థానం పేరు చెక్కి ఉండేది. పరీక్షనాడు విగ్రహానికి మైనం పూసి రంధ్రాలనూ పేర్లనూ కప్పివేసేవారు. లోపల నీరు నింపేవారు. నీరు కాదు, పాదరసం అని చెప్పేవారూ ఉన్నారు. విద్యార్థి చేతికి సూది ఇచ్చి ఫలానా స్థానంలో గ్రుచ్చమనేవారు. సరియైన చోట గ్రుచ్చితే మైనాన్ని చీల్చుకొని నీరు బయటికి వస్తుంది. తప్పితే సూదిమొన కంచుకు తగిలి ఆగిపోతుంది. విద్యార్థి ఏ వంశం వాడు, గురువెవరు, ఎన్ని గ్రంథాలు కంఠస్థం చేశాడు అన్న విషయాలతో ఆ కంచుమనిషికి నిమిత్తం లేదు.

ఈ విగ్రహాల అవసరం ఎందుకు కలిగిందో ఊహించడం కష్టం కాదు. వైద్యగ్రంథాలు చేతివ్రాతల మీద నడిచిన కాలమది. ఒక లేఖకుడు ఒక అక్షరం జారవిడిచినా, ఒక అంకె తారుమారైనా, సూది ఒక కండరం నుండి మరొక కండరానికి మారిపోతుంది. వాంగ్ వెయ్‌యీ ప్రాత గ్రంథాలను పోల్చి, 354 స్థానాలను నిర్ణయించి ఒక పుస్తకం కూర్చాడు. ఆ పాఠాన్ని రాజధాని కైఫెంగ్ నగరంలో రాతిపలకల మీద చెక్కించారు. అంతకు చాలాముందే, 659లో, తాంగ్ ప్రభుత్వం మూలికల గుణాలనూ గుర్తులనూ నిర్ణయించే గ్రంథాన్ని రాజాజ్ఞతో వ్రాయించింది. ప్రమాణీకరణమన్నది పాశ్చాత్యుల యంత్రయుగం తూర్పుదేశాల నెత్తిన రుద్దిన ఆచారమని తరచు వినవస్తుంది. ఆ మాట అనేవారు ఈ కంచుమనిషి ముందు ఒక్క క్షణం నిలబడితే బాగుండును. మూల విగ్రహాలు నేడు లేవు. యుద్ధాల్లో అవి చేతులు మారి కనుమరుగైనాయి. 1443లో మింగ్ చక్రవర్తి వాటిని చూచి మళ్లీ పోతపోయించాడు.

అయితే కంచుమనిషి దగ్గర నేర్చుకొన్న విద్యను బ్రతికిన మనిషి మీద ప్రయోగించవలసి వచ్చినప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. విగ్రహం ఒక్కటే కొలత. మనుషులు పొడుగువారు, పొట్టివారు, బలిసినవారు, చిక్కినవారు, పసివారు. మణికట్టుకు పైన రెండు అంగుళాల దూరంలో అని గ్రంథం చెబితే, ఆ అంగుళం ఎవరిది? చైనా వైద్యులు దీనికి చెప్పిన సమాధానం ఆలోచింపదగినది. వారి కొలత పేరు త్సున్. అది బజారులోని కొలబద్ద మీద ఉండే త్సున్ కాదు. రోగి బొటనవ్రేలి వెడల్పు ఒక త్సున్. రోగి మోచేతి మడతనుండి మణికట్టు మడతవరకు పన్నెండు త్సున్‌లు. ఏనుగంతటివాడైనా, ఏడేళ్ల పిల్లవాడైనా పన్నెండే.

ఈ భావం భారతీయ పాఠకునికి క్రొత్తది కాదు. చరకుడూ సుశ్రుతుడూ శరీరావయవాలను చెప్పినప్పుడు ఎవరి అంగుళంతో వారినే కొలవమన్నారు. దానికి స్వాంగుళమని పేరు. పూలబజారులో తగవంతా ఇక్కడే పుడుతుంది. మాల అమ్మే ఆమె తన మూరతో కొలుస్తుంది, కొనే ఆమె తన మూరతో సరిచూసుకొంటుంది, ఇద్దరి చేతులూ ఒక్క పొడవువి కావు. బజారుకు అందుకే అందరికీ ఒకే గజంబద్ద కావలసివచ్చింది. వైద్యంలో మాత్రం మూర అమ్మేవాడిదీ కాదు, ప్రభుత్వానిదీ కాదు, బాధపడే మనిషిది. ప్రమాణం ఉన్నది, కాని ఆ ప్రమాణం రోగి దేహంలోనే ఉన్నది.

నేటి ప్రయత్నాలను ఈ వెలుగులో చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పశ్చిమ పసిఫిక్ ప్రాంతీయ కార్యాలయం 2003లో మనీలా నగరంలో చైనా, జపాన్, కొరియా దేశాల సూదివైద్య నిపుణులను సమావేశపరిచింది. మూడు దేశాలవారూ ఒకే ప్రాచీన గ్రంథాలను తమ మూలమని చెప్పుకొంటారు. అయినా 361 స్థానాలలో 92 చోట్ల వారి సూదులు వేర్వేరు చోట్ల దిగుతున్నట్లు తేలింది. ఒకే పేరు, మూడు చోట్లు! మూడేండ్లపాటు వాదించుకొని, ప్రాత పుటలు తిరగవేసి, ఒకరి చేతిని ఒకరు పట్టుకొని చూచి, 2006లో జపాన్‌లోని త్సుకుబాలో వారు ఒక ఒడంబడికకు వచ్చారు. 2008లో గ్రంథం వెలువడింది. అందులో మెచ్చుకోదగిన అంశమేమంటే, ఆధునిక శరీరశాస్త్రపు పేర్లతో ఎముకలనూ కండరాలనూ చెబుతూనే, దూరాలను మిల్లీమీటర్లలోకి మార్చలేదు. త్సున్‌ను త్సున్‌గానే ఉంచారు. రోగి వ్రేలు అంతర్జాతీయ ప్రమాణంలో తన స్థానం నిలుపుకొన్నది.

తెలుగులో ప్రమాణమనే మాట విచిత్రమైనది. కొలతకు అదే మాట, కోవెలలో దీపమార్పి చేసే ఒట్టుకు అదే మాట, తార్కికులు ప్రత్యక్షం, అనుమానం, ఆప్తవాక్యం అని ఎన్నే జ్ఞానసాధనానికీ అదే మాట. హిందీవారు ఈ బరువును పంచివేశారు: కొలతకు మానక్ అంటారు, ఒట్టుకు శపథ్ అంటారు, ప్రమాణ్ అన్నది వారి వాడుకలో సాక్ష్యానికే మిగిలింది. మాటలు వేరైతే అర్థాలు కలగలిసిపోవు. ఆ మేరకు హిందీ పాఠకునికి మేలే. కాని తెలుగు మాటలోని ఈ కలగలుపు ఒక లోకానుభవాన్ని దాచుకొని ఉన్నది. ప్రమాణముద్ర ఉన్న సీసాను కొనే సామాన్యుడు ఆ ముద్రలో కొలతను మాత్రమే చదవడు. ఇది పనిచేస్తుందని ఎవరో ఋజువు చూశారనీ, దీనికి ఎవరో మాట ఇచ్చారనీ చదువుతాడు. ముద్ర వేసినవారు అంత చెప్పలేదు. ధర్మసందేహమంతా ఈ రెంటి నడుమ ఉన్న దూరంలోనే ఉన్నది.

2009లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఈ వైద్యం కొరకు ఒక ప్రత్యేక సంఘాన్ని నియమించింది. దాని లెక్కలో అది 249వ సాంకేతిక సంఘం. కార్యాలయ బాధ్యత చైనా వహించింది. మొదటి సభ 2010లో బీజింగ్‌లో జరిగింది. పనికంటె ముందు పేరు దగ్గర తగవు వచ్చింది. సంప్రదాయ చైనా వైద్యమని పేరు పెడితే మా వైద్యం సంగతేమిటని కొరియా, జపాన్ దేశాలవారు అడిగారు. వారి ప్రశ్న వట్టి పౌరుషం కాదు. కొరియాలో హొ జూన్ 1610లో ముగించిన తొంగై పొగాం అనే మహాగ్రంథం ఉన్నది. చైనా గ్రంథాలనుండి తీసుకొన్నదానితో పాటు అది తన నేల మూలికలనూ, తన జనుల అనుభవాన్నీ నింపుకొన్నది. కొరియావారు 1986లో తమ వైద్యం పేరులోని హాన్ అనే అక్షరాన్ని మార్చారు. ఉచ్చారణ అదే, వ్రాత మాత్రం వేరు: చైనా జాతిని సూచించే హాన్ పోయి కొరియా దేశాన్ని సూచించే హాన్ వచ్చింది. చెవికి తెలియని ఈ మార్పు కోసం ఒక జాతి చట్టమే సవరించుకొన్నది. జపాన్‌లో కంపో వైద్యులు నాడికంటె పొట్టను తాకి చూడడానికి ఎక్కువ ప్రాధాన్యం ఇస్తారు. 1976 నుండి వారి మందులనేకం జాతీయ ఆరోగ్యభీమాలో చేరినాయి. చివరకు 2015లో చైనా కోరిన పేరే స్థిరపడింది.

దేశాల పేర్లతో వైద్యానికి కంచెలు కట్టడం ఎంత కష్టమో తెలుపడానికి ఒక్క సంగతి చాలు. తాంగ్, సుంగ్ యుగాల చైనాలో కంటిజబ్బులకు ప్రామాణికమైన గ్రంథాలు కొన్ని నాగార్జున బోధిసత్త్వుని పేర ప్రచారంలో ఉండేవి. కంటిపొరను బంగారు సూదితో తొలగించే విద్య భారతదేశం నుండి వెళ్లిన భిక్షువుల వెంట అక్కడికి చేరింది. కృష్ణాతీరంలో కొండకు, లోయకు తన పేరు ఇచ్చిన ఆచార్యుడు అక్కడ నేత్రవైద్యుల గురువుగా వెలిశాడు. ఆ గ్రంథాలను నిజంగా ఆయన వ్రాశాడని కాదు. అయితే వాటిని చైనావని పిలవాలో, భారతదేశానివని పిలవాలో తేల్చడం ఏ సంఘానికీ సాధ్యం కాదు. పేరు తగవులో గెలిచినవారికి వాణిజ్యం కలిసివస్తుంది, ఓడినవారికి మనస్తాపం మిగులుతుంది. మంచంమీద ఉన్న మనిషికి దానివల్ల ఒరిగేది తక్కువ.

మనిషి పేరు విషయంలో కాక, మూలిక పేరు విషయంలో మాత్రం సంగతి పూర్తిగా వేరు. అక్కడ పేరే ప్రాణం.

1990 తరువాత కొద్దికాలానికి బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో ఒక చికిత్సాలయం బరువు తగ్గించుకోవాలని వచ్చిన స్త్రీలకు ఇతర మందులతో పాటు చైనా మూలికల పొడి ఇచ్చింది. అందులో ఉండవలసింది ఫాంగ్‌జీ అనే వేరు. శాస్త్రీయ నామం ప్రకారం అది స్టెఫానియా జాతిది. చైనా బజారులో గ్వాంగ్ ఫాంగ్‌జీ అనే మరొక వేరు కూడా ఉన్నది; అది అరిస్టలోకియా జాతిది. సగం పేరు ఒక్కటే. ఎండబెట్టి, ముక్కలుగా కోసి, పొడిచేసిన తరువాత రెంటినీ కంటితో వేరుచేయడం కష్టం. సరుకులో ఎక్కడో ఒకటి పోయి మరొకటి చేరింది. ఆరోగ్యవంతులైన యువతుల మూత్రపిండాలు పాడైపోతున్నాయని వైద్యులు 1993లో ప్రకటించారు. బాధితుల సంఖ్య నూరు దాటింది. పలువురికి మూత్రపిండాలు మార్చవలసి వచ్చింది. కొందరికి ఏండ్ల తరువాత మూత్రనాళాల్లో క్యాన్సరు పుట్టింది. వారు రోగం కుదుర్చుకోవడానికి వచ్చినవారు కారు, కాస్త సన్నబడాలని వచ్చినవారు.

ఆ వేరును సరిగా గుర్తించే ప్రమాణం ఒకటి ఉండి, ఓడ ఎక్కే ముందు, దిగిన తరువాత ఎవరైనా దానిని పాటించి ఉంటే ఆ కుటుంబాల కథ వేరుగా ఉండేది. ఇందులో తత్త్వచర్చకు తావే లేదు. అయితే కథ ఇక్కడ ముగిసిందనుకొనడం సంప్రదాయం పట్ల మరీ ఉదారత చూపడమవుతుంది. గ్వాంగ్ ఫాంగ్‌జీ కూడా చైనాలో తరతరాలుగా వాడిన మందే. అది విషమని ఆ తరాలు ఎందుకు గుర్తించలేదు? ఆ విషం నిదానమైనది. మందు మ్రింగిన నాటికీ మూత్రపిండం చచ్చిన నాటికీ మధ్య నెలలు, ఏండ్లు గడుస్తాయి. గ్రామవైద్యుని జ్ఞాపకం మూడునాళ్లలో తగ్గిన జ్వరాన్ని గుర్తుంచుకొంటుంది, ముప్ఫై నెలల తరువాత వచ్చిన వాపును ఆనాటి కషాయంతో ముడిపెట్టజాలదు. వేయి సంవత్సరాల అనుభవం గొప్పదే, కాని అనుభవానికీ గ్రుడ్డిచోట్లు ఉంటాయి. 2003, 2004 సంవత్సరాల్లో చైనా ప్రభుత్వం ఆ జాతి మూలికలను కొన్నింటిని ఔషధాల పట్టికనుండి తొలగించింది. తెలుగునాట అడవుల్లో దొరికే ఈశ్వరి తీగ ఆ అరిస్టలోకియా జాతిదే. పాముకాటుకు, జ్వరాలకు పల్లెల్లో దానిని వాడినవారు ఉన్నారు. ఈ కథ బ్రస్సెల్స్‌కు మాత్రమే చెందినది కాదు.

పేర్ల చిక్కు భారతదేశంలోనూ తక్కువ లేదు. హిందీ ప్రాంతపు వైద్యుడు మేధస్సుకు మంచిదని శంఖపుష్పీ వ్రాసి ఇస్తే, అక్కడ నేలమీద ప్రాకే చిన్న తెల్లపూల మొక్కను తెస్తారు. అదే చీటీ దక్షిణాదికి వస్తే, దొడ్డిగోడ మీద అల్లుకొన్న నీలిపూల శంఖపుష్పం తీగ వేరు త్రవ్వుతారు. హిందీలో ఆ తీగ పేరు అపరాజిత. శ్లోకం ఒక్కటే, మొక్కలు రెండు. ఒక భాషనుండి మరొక భాషలోకి గ్రంథాలు మార్చేవారు ఇటువంటి చోట చేసే పొరపాటు అచ్చుతప్పుగా మిగలదు, కడుపులోకి పోతుంది.

అందుచేత 249వ సంఘం పనిలో కొంత భాగం గూర్చి వివాదం అనవసరం. 2014లో అది ఒక్కసారి మాత్రమే వాడి పారవేయవలసిన, క్రిమిరహితమైన సూదికి ప్రమాణం నిర్ణయించింది. ఒకరి ఒంట్లోనుండి తీసిన సూది మరొకరి ఒంట్లో దింపడం వల్ల కామెర్లు వ్యాపించిన ఉదంతాలు వైద్యపత్రికల్లో నమోదై ఉన్నవి. అదే సంవత్సరం జిన్సెంగ్ విత్తనాలకు, నారుకు ప్రమాణం వచ్చింది. 2015లో మూలికల్లో సీసం, పాదరసం, పాషాణం, కాడ్మియం ఎంత ఉన్నవో పరీక్షించే పద్ధతి వచ్చింది. ఇవి రోగికి చెల్లించవలసిన బాకీలు. ఆలస్యంగానైనా చెల్లించడం మొదలైంది. ఇక్కడొక వింత లేకపోలేదు: ఇంగిలీకం పాదరసపు ఖనిజమే, చైనా ప్రాత మందుల్లో అది కొన్నింటికి కలుషం కాదు, ముఖ్యద్రవ్యం. భారతీయ రసవైద్యులకు ఈ ఇరకాటం బాగా తెలుసు.

చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. కొలవగలిగినదానినే ప్రమాణం కొలుస్తుంది. వేరులో సీసం లేదని చెప్పగలదు. ఆ వేరు దగ్గును తగ్గిస్తుందో లేదో చెప్పదు, చెప్పవలసిన పని తనది కాదంటుంది. ఆ మాట నిజాయితీ గల మాటే. కాని సీసాపైన ముద్ర చూచిన కొనుగోలుదారు ఆ మాట వినడు. విషం లేనిది అన్న వాక్యం, బజారులో పది అడుగులు నడిచేసరికి, గుణమున్నది అన్న వాక్యంగా మారిపోతుంది. వర్తకుడు దానిని మార్చనక్కరలేదు, ఊరక ఉంటే చాలు. ఇక ఒక మూలికకు ఫలానా రసాయనం ఇంత ఉండాలని గుర్తు పెడితే, ఆ రసాయనాన్నే చవకగా తెచ్చి కలిపే నేర్పరులు పుట్టుకొస్తారు. గింక్గో ఆకుల సారం విషయంలో ఇది జరిగింది; రుటిన్ అనే చవక పదార్థం కలిపితే పరీక్షలో అంకె సరిపోతుంది, ఆకు మాత్రం ఉండవలసినంత ఉండదు.

రోగాల పేర్లకు కూడా ఇప్పుడు ప్రమాణాలు వచ్చినవి. 2019 మే నెలలో ప్రపంచ ఆరోగ్య మహాసభ రోగాల అంతర్జాతీయ వర్గీకరణ పదునొకండవ కూర్పును ఆమోదించింది. 2022 జనవరి 1 నుండి అది అమలులోకి వచ్చింది. అందులోని 26వ అధ్యాయం ప్రాచీన చైనాలో పుట్టి చైనా, జపాన్, కొరియాలలో నడుస్తున్న వైద్యం చెప్పే రోగలక్షణాలకు సంఖ్యలు కేటాయించింది. ఛీ అనే ప్రాణశక్తి మందగించడం, కాలేయంలో అగ్ని ప్రకోపించడం వంటివి ఇప్పుడు ఆసుపత్రి కాగితాల్లో అంకెలుగా వ్రాయవచ్చు. విజ్ఞానపత్రికలు కొన్ని దీనిని తీవ్రంగా ఆక్షేపించాయి: ఋజువు కాని సిద్ధాంతానికి ప్రపంచ సంస్థ పీట వేసిందన్నాయి. ఈ సంఖ్యలు లెక్క పెట్టడానికేగాని, సిద్ధాంతం సత్యమని చెప్పడానికి కావని సంస్థ సమాధానం. 2025లో ఆయుర్వేద, సిద్ధ, యునానీ వైద్యాల రోగనామాలు కూడా ఆ వర్గీకరణలో చేరినవి. చైనా గూర్చి లేచిన ప్రశ్న ఇప్పుడు మన దేశపు గడపలోనూ నిలిచింది.

ఇరుపక్షాల మాటలోనూ పస ఉన్నది, రెండూ సమానం మాత్రం కావు. కోట్లాది జనులు ఆ వైద్యుల దగ్గరకు వెళుతున్నారు. వారికి ఏమి చేస్తున్నారో, ఏమవుతున్నదో లెక్క లేకపోతే బ్రస్సెల్స్ వంటి ఉదంతాలు మళ్లీ ముప్ఫై నెలలు ఆలస్యంగానే బయటపడతాయి. చీకట్లో ఉన్నదానికంటె పుస్తకంలో ఎక్కినది పరీక్షకు సులభం. కాని లెక్క వ్రాయడం ఆ తరువాతి పరీక్ష కోసమే అయినప్పుడే ఈ వాదం నిలుస్తుంది. పరీక్ష జరగకుండా లెక్క మాత్రమే పెరిగితే, అది గౌరవాన్ని అప్పుగా తీసుకోవడం; ఆ అప్పుకు హామీదారు రోగి.

పరీక్షకు నిలిచినది ఏమవుతుందో చైనావారే చూపించారు. 1967లో వియత్నాం యుద్ధకాలంలో మలేరియా మందు కోసం ఆరంభమైన రహస్య పరిశోధనలో తూ యూయూ అనే శాస్త్రజ్ఞురాలు పాల్గొన్నది. నాలుగవ శతాబ్దికి చెందిన కొ హుంగ్ గ్రంథంలో ఛింగ్‌హావ్ మొక్కను కాచమని లేదు, నీటిలో నానబెట్టి రసం పిండమని ఉన్నది. వేడి తగిలితే గుణం పోతున్నదేమోనని ఆమెకు తట్టింది. తక్కువ వేడిలో ఈథరుతో సారం తీసింది. 1972లో ఆర్టెమిసినిన్ చేతికి వచ్చింది. 2015లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆమె ప్రాత గ్రంథాన్ని పూజించలేదు, త్రోసిపుచ్చనూ లేదు, ప్రశ్నించింది. సారాన్ని ముందు ఎలుకలకు, కోతులకు ఇచ్చి చూచి, తరువాత తానే త్రాగింది. ఆ మందు ఇప్పుడు ఏ దేశపు వైద్యమని ఎవరూ అడగరు.

సంప్రదాయవాదులు ఇంకొక నష్టాన్ని చెబుతారు. ఒక్కొక్క రోగికి ఒక్కొక్క విధంగా కషాయం మార్చే వైద్యుని విచక్షణను ప్రమాణం చంపివేస్తుందంటారు. ఆ చావు, చావే అయితే, అంతర్జాతీయ సంఘం పుట్టడానికి చాలాముందే జరిగింది. 1929లో ప్రాత వైద్యాన్ని రద్దుచేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు ఆ వైద్యులు షాంఘైలో గుమిగూడి ఎదిరించారు. 1956లో బీజింగ్, షాంఘై మొదలైన నాలుగు నగరాల్లో ప్రభుత్వ కళాశాలలు వెలసినవి. పరస్పరం విభేదించే గురుపరంపరలను ఒకే పాఠ్యపుస్తకంలోకి ఒదిగించారు. నేడు చైనా సంప్రదాయమని ప్రపంచం ఎరిగినదానిలో చాలాభాగం ఆ పాఠ్యపుస్తకమే. ఇప్పుడు ఈ సంఘం నాడిని పట్టే యంత్రానికీ, నాలుకను ఛాయాచిత్రం తీసే పరికరానికీ కూడా ప్రమాణాలు వ్రాస్తున్నది. యంత్రం పట్టిన నాడిలో వైద్యుడు విన్నదంతా ఉంటుందా అన్నది ప్రశ్నే. వైద్యుడు విన్నాననుకొన్నదంతా నాడిలో ఉన్నదా అన్నది కూడా ప్రశ్నే. దానిని మాత్రం తక్కువమంది అడుగుతారు.

2008 నాటి గ్రంథం దగ్గరికి మళ్లీ రావలసిన పని ఒకటి ఉన్నది. 361 స్థానాలలో 355 చోట్ల మూడు దేశాలూ ఏకీభవించినవి. ఆరు చోట్ల కుదరలేదు. ఓటుతో ఒకరిని ఓడించి ఆ తగవును కప్పివేయవచ్చు. వారు అలా చేయలేదు; ఆ ఆరింటి క్రింద రెండవ స్థానాన్ని కూడా వ్రాసి ఉంచారు. వానిలో ఒకటి అరచేతిలో ఉన్నది. పిడికిలి బిగించినప్పుడు నడిమివ్రేలి కొన తాకే చోటని కొందరంటారు, ఉంగరపువ్రేలి కొన తాకే చోటని మరికొందరంటారు. రెంటికీ నడుమ దూరం ఒక్క త్సున్ కూడా ఉండదు. ఆ పుటలో రెండూ ఉన్నవి, ఒకదాని క్రింద ఒకటి.